బ్యాగు ముందుకు, గొంతు కిందికి

హైటెక్ సిటీలో కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలు హాస్టల్ ఎక్కడ చూసుకోవాలని అడుగుతారు, ఏ బస్సు ఎక్కాలని అడుగుతారు. బస్సులో ఎలా మసలుకోవాలని అడిగినవాళ్లు మాత్రం నాకు తారసపడలేదు. కేపీహెచ్‌బీలోనో మెహిదీపట్నంలోనో ఉంటూ రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ వైపు రోజూ వచ్చిపోయేవాళ్లకు బస్సులో గడిచే సమయం తక్కువేమీ కాదు. పొద్దున్నే ఆ రద్దీలో నలిగి, ఎవరితోనో మాట పడి, ఆ చిరాకుతోనే ఆఫీసులో అడుగుపెట్టిన మనిషి మొదటి గంట పని ఎలా చేస్తాడో టీమ్ లీడర్లను అడిగితే చెబుతారు. అందుకే దీన్ని ఉద్యోగ సలహాగానే రాస్తున్నాను.

రద్దీ మన చేతుల్లో లేదు. కానీ ఆ రద్దీలో మన బ్యాగు, మన ఫోను, మన నోరు, మనం నిలబడే చోటు మన చేతుల్లోనే ఉన్నాయి. ఈ దారిలో రోజూ జరిగే గొడవల్లో చాలావరకు ఈ నాలుగింటి దగ్గరే మొదలవుతాయి.

ముందు ఆ బస్సులో ఎవరెవరు ఉంటారో చూడాలి. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు మాదాపూర్ ఊరి శివారు. ఇప్పుడు కొండాపూర్, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాటి కోకాపేట దాకా ఆఫీసులే. సికింద్రాబాద్ నుంచి వచ్చే 10హెచ్, కోఠి నుంచి వచ్చే 127కె లాంటి బస్సుల మీద ఆధారపడి వేలమంది ఇక్కడికి పనికొస్తారు. మెట్రో రైలు 2019 మార్చిలో హైటెక్ సిటీ వరకు, అదే ఏడాది నవంబరులో రాయదుర్గం వరకు వచ్చింది. అయినా రాయదుర్గంలో దిగినవాళ్లకు మిగతా దూరం మళ్లీ బస్సో, షేర్ ఆటోనో తప్పదు.

పొద్దున ఏడు లోపు బస్సెక్కితే అందులో ఉండేది హౌస్‌కీపింగ్ అమ్మలు, సెక్యూరిటీ గార్డులు, ఫుడ్‌కోర్టుల్లో వంటకు వెళ్లేవాళ్లు. మనం వెళ్లేసరికి అద్దాలు తుడిచి, టాయిలెట్లు కడిగి, కాఫీ మెషీన్ నింపి ఉంచేది వాళ్లే. తొమ్మిది దాటాక మెడలో ఐడీ కార్డు, వీపున నల్ల బ్యాగు వేసుకున్నవాళ్లు ఎక్కువవుతారు. సాయంత్రం రెండు గుంపులూ ఒకే బస్సులో కలుస్తాయి. ఒకే భవనంలో పనిచేసి కూడా లిఫ్టులో పలకరించుకోని మనుషులు ఇక్కడ ఒకే రాడ్డు పట్టుకుని నిలబడతారు. మనలో మర్యాద ఎంత ఉందో అక్కడే బయటపడుతుంది.

బ్యాగుతో మొదలుపెడదాం. ఐటీ ఉద్యోగి బ్యాగులో ల్యాప్‌టాప్, చార్జర్, టిఫిన్ బాక్సు, వానాకాలమైతే గొడుగు, పక్క జేబులో స్టీలు నీళ్ల సీసా ఉంటాయి. దాన్ని వీపున వేసుకుని నిలబడిన మనిషి ఇద్దరి చోటు ఆక్రమిస్తాడు. స్టాపు వచ్చిందేమోనని కిటికీ వైపు వంగి చూస్తాడు. అలా తిరిగినప్పుడు బ్యాగు మూల వెళ్లి కూర్చున్నావిడ కణతకు తగులుతుంది. ఆవిడ తల పక్కకు తిప్పుకుంటుంది. ఆయన మళ్లీ ఇటు తిరుగుతాడు, ఈసారి నీళ్ల సీసా ఆవిడ భుజానికి తగులుతుంది. తగిలిన సంగతే ఆయనకు తెలియదు, బ్యాగు వెనకాల ఉంది కదా. ఆవిడ ఒకటి రెండుసార్లు ఓర్చుకుని చివరికి గట్టిగా ఒక మాట అంటుంది. ఆయనకేమో ఉన్నట్టుండి ఎవరో తన మీద అరిచినట్టు అనిపిస్తుంది. చినికి చినికి గాలివాన అయ్యేది ఇలాగే.

బస్సెక్కే ముందే, స్టాపులో ఉండగానే బ్యాగు వీపు మీంచి తీసి ఛాతీ వైపు వేసుకోండి. లోపలికి వెళ్లాక తీద్దామంటే అక్కడ చేతులు ఆడవు. చోటు దొరికితే కింద రెండు కాళ్ల మధ్య పెట్టుకోండి. కూర్చుంటే ఒళ్లో పెట్టుకోండి, పక్క సీటు మీద మాత్రం వద్దు. టోక్యో భూగర్భ రైళ్లలో 1974 నుంచి ప్రయాణికుల మర్యాద గురించి పోస్టర్లు వేస్తున్నారు. వీపు మీది బ్యాగును ముందుకు వేసుకోవడం అక్కడ బడిపిల్లలకు కూడా అలవాటు. ముందుకు వేసుకుంటే మనకూ లాభమే. రద్దీలో జిప్పు ఎవరు తీశారో తెలియని బాధ తప్పుతుంది. ల్యాప్‌టాప్ పోతే కంపెనీకి సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మనమే.

మన నగరంలో ఒక మంచి అలవాటు ఉంది. సీట్లో కూర్చున్నవాళ్లు నిలబడ్డవాళ్లను చూసి "బ్యాగు ఇటివ్వండి, పట్టుకుంటా" అంటారు. ఇంకే ఊళ్లో ఎంత ఉందో కానీ, హైదరాబాద్ సిటీ బస్సుల్లో ఇది ఇప్పటికీ బతికే ఉంది. ఎవరైనా అలా అడిగితే మొహమాటపడకుండా ఇవ్వండి, మీ చూపు మాత్రం బ్యాగు మీద ఉంచుకోండి. మీకు సీటు దొరికిన రోజు మీరూ అడగండి. చిన్న పిల్లను ఎత్తుకుని నిలబడిన తల్లి చేతిలో సంచి ఉంటే, అడిగేదాకా ఆగకండి.

ఫోను సంగతి ఇంతకంటే పెద్దది. రీల్స్ గట్టిగా పెట్టుకుని చూసేవాళ్లు అన్ని వయసుల్లోనూ ఉన్నారు, దీన్ని కుర్రకారు మీదకు నెట్టడం న్యాయం కాదు. ఒకే పాట పావు ముక్క, అది అవ్వకముందే ఇంకో డైలాగు, ఆ వెంటనే ఎవరో పకపకా నవ్వడం. రాత్రి షిఫ్టు చేసి వచ్చి కిటికీకి తల ఆన్చి కునుకు తీసే సెక్యూరిటీ గార్డుకు అది ఎంత నరకమో ఒక్కసారి ఆలోచించండి. 2021 నవంబరులో కర్ణాటక ఆర్టీసీ, అక్కడి హైకోర్టు ఆదేశాల మేరకు, బస్సుల్లో ఫోన్లలో పాటలు, వీడియోలు గట్టిగా పెట్టడాన్ని నిషేధించింది. చెప్పినా వినని ప్రయాణికుణ్ని దించేయవచ్చని, టికెట్ డబ్బులు కూడా తిరిగి ఇవ్వక్కర్లేదని సిబ్బందికి అధికారమిచ్చింది. అలాంటి ఉత్తర్వు ఇక్కడ వచ్చేదాకా ఆగాల్సిన పనేముంది? ఇయర్‌ఫోన్స్ మర్చిపోయిన రోజు వీడియో చూడకపోతే కొంప మునగదు.

ఆఫీసు కాల్స్ గురించి ఉద్యోగులు గట్టిగా ఆలోచించాలి. పొద్దున తొమ్మిదిన్నరకు స్టాండప్ మీటింగ్ అంటారు, మనిషేమో ఇంకా షేక్‌పేట దగ్గరే ఉంటాడు. బస్సులోంచే కాల్‌లో చేరతాడు. వినడం వరకైతే ఫర్వాలేదు. తన వంతు రాగానే బస్సు చప్పుడును మించి అరుస్తూ క్లయింటు పేరు, సర్వరు పేరు, ఏ మాడ్యూల్ ఎందుకు పడిపోయిందో అన్నీ చెప్పేస్తాడు. ఆ బస్సులో సగంమంది అదే రంగంలో ఉన్నవాళ్లు. పక్క సీటులోనే పోటీ కంపెనీ ఉద్యోగి కూర్చుని ఉండవచ్చు. ఉద్యోగంలో చేరేటప్పుడు గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లు బస్సులో ఆ సంతకాన్ని మర్చిపోతున్నారు. జీతం ఎంత పెంచారు, ఏ కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది, బ్యాంకు నుంచి వచ్చిన ఓటీపీ అంకెలేమిటి... ఇవన్నీ నిలబడ్డవాళ్ల చెవిన పడుతూనే ఉంటాయి. "బస్సులో ఉన్నాను, పది నిమిషాల్లో చేస్తాను" అని చెప్పి పెట్టేయండి. మీటింగులో అయితే మ్యూట్‌లో ఉండి, మీ వంతుకు చాట్‌లో రెండు ముక్కలు టైప్ చేయండి. అదీ కుదరకపోతే దిగాక మాట్లాడతానని ముందే చెప్పండి. కాదనే మేనేజర్లు తక్కువ.

ఎదుటివాళ్ల ఫోను గోల భరించలేనప్పుడు అడగాల్సిన పద్ధతి ఒకటుంది. ముందు వరస పెట్టి పిలవండి. అన్నా, తమ్ముడూ, అక్కా, పెద్దాయనా, భయ్యా... ఏది నప్పితే అది. "తమ్ముడూ, జర సౌండ్ తగ్గిస్తావా, తలనొప్పిగా ఉంది" అంటే తగ్గించనివాళ్లు చాలా తక్కువ. "కామన్‌సెన్స్ లేదా?" అని మొదలుపెడితే పరువు కోసమైనా తగ్గించరు. ఇంగ్లిషులో మందలించడం ఇంకా చేటు, అది సౌండ్ గురించి కాకుండా చదువు, హోదా గురించిన గొడవగా మారుతుంది. రెండుసార్లు అడిగినా వినకపోతే కండక్టర్‌కు చెప్పండి. అంతే, మూడోసారి మీరే వాదనకు దిగకండి.

ఇక తలుపు. కండక్టర్లు గొంతు చించుకునే మాట "లోపలికి జరగండి, లోపల ఖాళీ ఉంది" అని. నిజంగానే ఉంటుంది. నాలుగు స్టాపుల తర్వాత దిగాల్సినవాళ్లు కూడా మెట్ల దగ్గరే పాతుకుపోతారు, మధ్యలో మనిషి పట్టేంత చోటు వదిలేసి. కింద నిలబడినవాళ్లకు బస్సు నిండుగా కనిపిస్తుంది. వాళ్లు వేలాడతారు. ఫుట్‌బోర్డు మీద ప్రయాణం మోటారు వాహనాల చట్టం 123వ సెక్షన్ కింద నేరం. అది తెలిసినా వేలాడేవాళ్లు వేలాడుతూనే ఉన్నారంటే అందులో లోపలికి జరగనివాళ్ల పాలు కూడా ఉంది. రెండు స్టాపుల ముందు కదలడం మొదలుపెడితే ఎంత రద్దీలోనైనా దిగొచ్చు. "మైండ్‌స్పేస్‌లో దిగుతారా అన్నా?" అని ముందున్నాయన్ని అడిగి, దిగకపోతే చోటు మార్చుకోండి. తోసుకుంటూ వెళ్లే అవసరమే రాదు.

మగవాళ్లకు ఒక మాట. సిటీ బస్సులో ముందు తలుపు ఆడవాళ్లది. "ఒక్క స్టాపే కదా" అని ముందు నుంచి ఎక్కి ఆడవాళ్ల మధ్యలోంచి వెనక్కి రావడం పెద్ద ఇబ్బంది. చాలా బస్సుల్లో మధ్యలో గ్రిల్ పెట్టింది అందుకే. దిగేటప్పుడు కూడా వెనక నుంచే దిగండి.

స్టాపులో ఇంకో తతంగం ఉంది. బస్సు దూరంగా కనిపించగానే జనం రోడ్డు మధ్యకు వచ్చేస్తారు. బస్‌బేలో అప్పటికే ఆటోలు, క్యాబులు ఆగి ఉంటాయి కాబట్టి డ్రైవర్ ఎలాగూ పక్కకు తియ్యలేడు, రెండో వరసలో ఆపుతాడు. వెనకున్న కార్లన్నీ హారన్లు కొడతాయి. రాయదుర్గం దగ్గర సాయంత్రం ట్రాఫిక్ గడ్డకట్టే కారణాల్లో ఇదీ ఒకటి. క్యాబ్ బుక్ చేసుకునేవాళ్లకు నా మనవి, పికప్ పాయింట్ బస్‌స్టాప్ అని పెట్టకండి. పక్క గల్లీ మలుపు పెట్టుకోండి, యాభై అడుగులు నడిస్తే చాలు.

సీటు దగ్గరికి వద్దాం. కర్చీఫ్ వేసి సీటు పట్టడం తెలుగువాళ్లకు తరతరాల విద్య. పల్లెవెలుగు బస్సులో దూర ప్రయాణానికి దాన్ని ఎవరైనా సమర్థించుకుంటే సమర్థించుకోవచ్చు, సిటీ బస్సులో అది పనికిరాదు. కోఠిలో, లింగంపల్లిలో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫో, టిఫిన్ బ్యాగో లోపలికి విసిరి, తర్వాత తీరిగ్గా ఎక్కి "ఇది నా సీటు" అంటారు. ముందే ఎక్కి నిలబడినామె ఊరుకుంటుందా? ముందు ఎవరు ఎక్కితే వాళ్లదే సీటు. కర్చీఫ్ వేసి ఉన్న సీట్లో మీరు కూర్చోవాలనుకుంటే, దాన్ని కిందికి విసిరేయకుండా పక్కన పెట్టి, అడిగినవాళ్లకు చేతికివ్వండి. జుట్లు పట్టుకునేదాకా పోయే గొడవలు ఆ కర్చీఫ్ విసిరేయడంతోనే మొదలవుతాయి. వాటిని ఎవరో ఫోనులో తీస్తారు, ఊరంతా చూస్తుంది. అలాంటి వీడియోలో మీ ఐడీ కార్డు ట్యాగు, దాని మీద కంపెనీ పేరు కూడా కనిపిస్తాయని గుర్తుంచుకోండి. బస్సెక్కగానే ఐడీ కార్డు జేబులో వేసుకోమని కొత్తవాళ్లకు చెప్పేది ఒకటి ఇందుకు, రెండోది పేరూ ఎంప్లాయీ నంబరూ అపరిచితుల కళ్లబడకుండా ఉండేందుకు.

స్త్రీలకు, వృద్ధులకు, వికలాంగులకు కేటాయించిన సీట్లలో కూర్చుని కళ్లు మూసుకునే యువకుల గురించి రాయాల్సి రావడమే బాధ. ఆ సీట్లలో వాళ్లనే కూర్చోనివ్వమని ఆర్టీసీ బస్సుల్లో ఎప్పటినుంచో రాసి ఉంది. గర్భిణి నిలబడి ఉంటే ఆ రాతతో కూడా పనిలేదు, ఏ సీటైనా ఇవ్వాల్సిందే. ఒంట్లో బాగోలేక మీకే సీటు అవసరమైతే నోరు తెరిచి చెప్పండి. జ్వరమో, నెలసరి నొప్పో, మోకాలి ఆపరేషనో చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు ఆడవాళ్లకు డబ్బు తీసుకోకుండా ఇచ్చే జీరో టికెట్. 2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వం మహాలక్ష్మి పథకం మొదలుపెట్టాక ఆడపిల్లలకు, మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, నగరంలోనైతే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. మెట్రో డీలక్స్‌లో ఉచితం లేదు. రద్దీ పెరిగింది, నిజమే. దానితోపాటు ఒక మాట కూడా పెరిగింది. "ఫ్రీ కదా, అందుకే ఎక్కుతున్నారు" అని టికెట్ కొన్న మగవాళ్లు, ఒక్కోసారి పాస్ ఉన్న ఆడవాళ్లు కూడా, వినపడేట్టు అంటున్నారు. నాకు ఈ బస్సుల్లో అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించే ప్రవర్తన ఇదే, రీల్స్ గోల కన్నా, తోపులాట కన్నా.

ఆ జీరో టికెట్ మీద ప్రయాణ ఖర్చు అచ్చయి ఉంటుంది. ఆ లెక్క ప్రకారమే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు తిరిగి చెల్లించాలి. అంటే ఆ సీటు ఊరికే ఇచ్చింది కాదు, దానికి డబ్బు కట్టేది మనందరి పన్ను. చందానగర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు హౌస్‌కీపింగ్ పనికి వెళ్లే ఆవిడకు నెలకు బస్సు ఖర్చు మిగలడమంటే పిల్లవాడి ట్యూషన్ ఫీజు, గ్యాస్ సిలిండర్. కంపెనీ ఇచ్చే రవాణా భత్యాన్ని, క్యాంటీన్ రాయితీని మనం ఉచితం అని ఎప్పుడైనా అనుకున్నామా? ఆవిడకు దొరికినదాన్ని మాత్రం ఎత్తిపొడవడం తప్పు. ఎవరైనా అలా అంటుంటే విని నవ్వకండి. "ఆమె కూడా డ్యూటీకే వెళ్తోంది అన్నా" అని ఒక్క మాట అనండి, చాలు.

జీరో టికెట్ వాడేవాళ్ల వైపు నుంచి కూడా కొన్ని చెప్పాలి. డబ్బు ఇవ్వకపోయినా టికెట్ తీసుకోవాల్సిందే. తీసుకోకపోతే ఆ ప్రయాణం ఆర్టీసీ లెక్కలోకి రాదు, తనిఖీ వస్తే మీకూ ఇబ్బంది, కండక్టర్‌కూ ఇబ్బంది. టికెట్ లేని ప్రయాణానికి మోటారు వాహనాల చట్టం 178వ సెక్షన్ కింద రూ. 500 దాకా జరిమానా ఉంది. ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపమంటారు, ఫోనులో ఫొటో చూపించి వాదించకండి. ఆధార్ కార్డును ఐడీ కార్డు వెనకాలే పెట్టుకుంటే రద్దీలో బ్యాగు వెతుక్కోనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చి మాదాపూర్, కేపీహెచ్‌బీ హాస్టళ్లలో ఉండే అమ్మాయిలు చాలామంది కార్డు మీది చిరునామా సంగతి మీదే కండక్టర్‌తో తగువు పడుతుంటారు. పథకం తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకే. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అమలవుతున్న స్త్రీశక్తి పథకం కూడా అక్కడి వాళ్లకే. నిజంగా ఇక్కడే స్థిరపడితే ఆధార్‌లో చిరునామా మార్పించుకోండి, లేదంటే టికెట్ కొనండి. నిబంధన రాసింది కండక్టర్ కాదు.

కండక్టర్ గురించి ఆగి చెప్పాలి. సాయంత్రం ఏడింటికి లింగంపల్లి వైపు వెళ్లే బస్సులో కండక్టర్ మేడం వెనక నుంచి ముందుకు రావడం చూడండి. ఒక చేతిలో టికెట్లు కొట్టే టిమ్ మిషను, ఇంకో చేతిలో నోట్లు, చంకలో బ్యాగు. రాడ్డు పట్టుకునేందుకు చెయ్యే మిగలదు. బ్రేకు పడితే సీటు అంచుకు తుంటి ఆన్చి నిలదొక్కుకుంటుంది. ఆ స్థితిలో ఇరవై రూపాయల టికెట్‌కు ఐదు వందల నోటు ఇచ్చి, చిల్లర లేదంటే "మీ పని మీరు చెయ్యండి" అనేవాళ్లున్నారు. ఆమె టికెట్ వెనక బాకీ రాసిస్తుంది, లేదా ఇద్దరికీ కలిపి ఒక నోటిచ్చి దిగాక పంచుకోండి అంటుంది. నోటు ఎవరి చేతికి వచ్చిందో వాళ్లు రెండోవాళ్లను దాటేసి దిగిపోవడం కూడా జరుగుతుంది. అది దొంగతనమే, ఎంత చిన్న మొత్తమైనా.

చిల్లర జేబులో విడిగా పెట్టుకోండి. రోజూ వచ్చే దారే కదా, ఎంత టికెట్టో తెలుసు. యూపీఐ తీసుకునే బస్సుల్లో ఫోను ముందే తెరిచి ఉంచుకోండి, ఆమె మీ దగ్గరికి వచ్చాక డేటా ఆన్ చేయడం మొదలుపెట్టకండి. రోజూ తిరిగేవాళ్లకు నెల పాస్ అన్నిటికన్నా మేలు. స్టాపు కాని చోట ఆపమని పట్టుబట్టకండి. సిగ్నల్ దగ్గర తలుపు తీయనందుకు డ్రైవర్‌ను తిట్టేవాళ్లు, అక్కడ దించాక వెనక నుంచి వచ్చే బైకు గుద్దితే బాధ్యత ఎవరిదో చెప్పాలి.

మాట దాటి చెయ్యి దాకా పోతే సంగతి వేరు. రోడ్డు రవాణా సంస్థల చట్టం, 1950 ప్రకారం విధుల్లో ఉన్న ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వోద్యోగుల కిందే లెక్క. వాళ్ల మీద చెయ్యి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ కింద కేసవుతుంది. కొత్త ఉద్యోగాలకు నేపథ్య పరిశీలన చేసే ఈ రంగంలో పోలీసు కేసు అంటే ఏమిటో ఐటీ ఉద్యోగికి వేరే చెప్పనక్కర్లేదు. సిబ్బందే మీతో దురుసుగా ప్రవర్తిస్తే బస్సు నంబరు, సమయం, రూటు రాసుకుని టీజీఎస్ఆర్టీసీ కాల్‌సెంటర్ 040-69440000 లేదా 040-23450033కు ఫోన్ చేయండి. అక్కడికక్కడే తేల్చుకోవాలనుకుంటే బస్సులో ఉన్న అందరి సమయం పోతుంది.

రద్దీని అడ్డం పెట్టుకుని ఆడవాళ్ల మీద చేతులు వేసేవాణ్ని అమర్యాద పద్దులో రాయకూడదు, అది నేరం. భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ లైంగిక వేధింపులకు సంబంధించింది. మొదటిసారి తగిలినప్పుడే పక్కకు జరిగి, వెనక్కి తిరిగి సూటిగా చూసి, అందరికీ వినిపించేట్టు "దూరంగా నిలబడండి" అనండి. రద్దీలో అనుకోకుండా తగిలినవాడు వెంటనే "సారీ అమ్మా" అని జరుగుతాడు. కావాలని చేసినవాడు ఎదురు వాదిస్తాడు. తేడా మీకే తెలుస్తుంది. ఆ తర్వాత మొహమాటం వద్దు, కండక్టర్‌ను పిలవండి, 112కు ఫోన్ చేయండి. 2014 అక్టోబరులో మొదలైన షీ టీమ్స్ మఫ్టీలో తిరిగేది ఇలాంటి బస్సుల్లో, బస్‌స్టాపుల్లోనే. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టరు. పక్కనున్న మగవాళ్లు కొట్టడానికి ముందుకు రావడం కన్నా, ఆమెకూ వాడికీ మధ్య నిలబడటం, దిగిపోకుండా తలుపు దగ్గర అడ్డుకోవడం, సాక్షిగా పేరు ఇవ్వడం ఎక్కువ ఉపయోగం.

ఇలాంటి వేధింపు కంపెనీ ఏర్పాటు చేసిన క్యాబులోనో షటిల్‌లోనో జరిగితే ఇంకో దారి కూడా ఉంది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం, యాజమాన్యం కల్పించే రవాణాను కూడా పని ప్రదేశంగానే లెక్కిస్తుంది. కాబట్టి ఆఫీసులోని అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. ఈ సంగతి చాలామంది ఉద్యోగినులకు తెలియదు, చేరిన రోజు ఇచ్చే శిక్షణలో ఆ స్లైడు త్వరగా దాటేస్తారు.

ఇంత చెప్పాక కూడా ఒక మాట ఒప్పుకోవాలి. మనిషికి చోటిస్తేనే మర్యాద నిలబడుతుంది. ఊపిరాడని బస్సులో ఎంత మంచివాడికైనా మోచేతులు లేస్తాయి. ఆ రద్దీని కొంతైనా తగ్గించే శక్తి ఇక్కడి కంపెనీలకుంది. 2023 జూలైలో భారీ వానలు పడినప్పుడు సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఐటీ ఉద్యోగులను ప్రాంతాల వారీగా వేర్వేరు సమయాల్లో, మధ్యాహ్నం మూడు నుంచి విడతలుగా లాగౌట్ అవ్వమన్నారు. వానకు చేయగలిగిన సర్దుబాటు మామూలు రోజుల్లో ఎందుకు చేయకూడదు? ఆ నెలాఖరులోనే ఆర్టీసీ జేఎన్టీయూ నుంచి వేవ్‌రాక్‌కు లేడీస్ స్పెషల్ బస్సు వేసింది. అదే ఏడాది ఆగస్టులో బస్సు ఎక్కడుందో చూపించే గమ్యం యాప్ తెచ్చింది. యాప్ చూసుకుని బయల్దేరితే స్టాపులో నిలబడే సమయం తగ్గుతుంది, వచ్చిన మొదటి బస్సులోకే ఎగబడే పని ఉండదు. మీ దారిలో బస్సులు చాలడం లేదనుకుంటే పదిమంది సంతకాలతో, ఏ సమయంలో ఏ స్టాపు నుంచి ఇబ్బందో రాసి డిపో మేనేజర్‌కు ఇవ్వండి. సోషల్ మీడియాలో తిట్టడం కన్నా ఆ కాగితానికి విలువెక్కువ.

చివరిగా టీమ్ లీడర్లకు, హెచ్‌ఆర్‌లో పనిచేసేవాళ్లకు ఒక విన్నపం. మీ ఆఫీసులో బస్సు మీద వచ్చేవాళ్లు ఎంతమందో ఒకసారి అడిగి తెలుసుకోండి. వాళ్లకోసం తొమ్మిదిన్నర మీటింగును పదిన్నరకు జరపండి. ల్యాప్‌టాప్ పెట్టుకోవడానికి ఒక లాకరివ్వండి, రోజూ ఆ బరువు మోసుకురాకుండా. మీ అంతస్తులో పనిచేసే హౌస్‌కీపింగ్ వాళ్ల షిఫ్టు కూడా మీ లాగౌట్‌తో పాటే అయిపోతుంటే, వాళ్ల ఏజెన్సీతో మాట్లాడి అరగంట ముందు పంపించండి, ఖాళీ బస్సు దొరుకుతుంది.